నునుపు గోడ, గరుకు గోడ: టర్బైన్ బ్లేడు లోపల గాలి లెక్క

(నల్లగొండలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల మెకానికల్ విభాగంలో విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరబద్ధం చేశాము. తడబాట్లను మాత్రమే తీసివేశాము.)

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన జిల్లాలో టర్బైన్ అనే మాట కొత్తది కాదు. సాగర్ డ్యాం చూడటానికి బడి బస్సులో వెళ్లిన ప్రతి పిల్లవాడూ ఆ మాట విని వచ్చినవాడే. అటు పాలమూరు వైపు వెళ్తే జూరాల ఉంది, శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో 900 మెగావాట్ల కేంద్రం ఉంది. అవన్నీ నీటి టర్బైన్లు. నీటితో తిరిగే యంత్రానికి చల్లబరచడం అనే బాధ లేదు, దాన్ని తిప్పే నీళ్లే దాన్ని చల్లగా ఉంచుతాయి. ఇటు దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది, ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు. అక్కడివి ఆవిరి టర్బైన్లు. ఆవిరి వేడి 600 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అది తక్కువ వేడి అని నేను అనడం లేదు, కాని ఆ వేడిని తట్టుకునే ఉక్కు మనుషుల దగ్గర ఉంది. బ్లేడును బోలుగా పోతపోసి లోపలికి గాలి పంపవలసిన అవసరం అక్కడ రాదు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది మూడో రకం గురించి, అంటే గ్యాస్ టర్బైన్ గురించి. విమానంలో ఉండేది అదే, సహజవాయువుతో కరెంటు తీసే కేంద్రాల్లో ఉండేదీ అదే. అందులో మంట నుంచి వచ్చే వాయువు నేరుగా బ్లేడును తాకుతుంది. నేటి పెద్ద యంత్రాల్లో ఆ వాయువు వేడి 1600 డిగ్రీల సెల్సియస్ వరకు వెళ్తోంది. బ్లేడు చేసిన నికెల్ మిశ్రలోహమేమో 1300 డిగ్రీలు దాటిందంటే కరగడం మొదలుపెడుతుంది. అంటే ఏమిటి? తనను కరిగించగల వేడిలో ఆ లోహం వేల గంటలు నిలబడి, నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ పని చేస్తోంది. ఎలా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే నన్ను ఇక్కడికి పిలిచారనుకుంటున్నాను.

ముందుగా, అంత వేడి ఎందుకు అని అడగాలి. వేడి తగ్గించుకుంటే గొడవే లేదు కదా? లేదు నిజమే, కాని అప్పుడు సామర్థ్యం కూడా ఉండదు. టర్బైన్‌లోకి వచ్చే వాయువు ఎంత వేడిగా ఉంటే, దానికి తగ్గ పీడన నిష్పత్తి కూడా ఉంటే, అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. గ్యాస్ టర్బైన్, దాని వెనుక ఆవిరి టర్బైన్ కలిపి నడిపే ఫ్రాన్స్‌లోని బుషాన్ కేంద్రం 2016లో 62.22 శాతం సామర్థ్యం చూపించింది. మనం బొగ్గు కేంద్రాల్లో 40 శాతం దాటితే సంతోషిస్తాం. ఆ 62 శాతం వెనుక ఉన్నది 1600 డిగ్రీల వేడి. ఆ వేడి వెనుక ఉన్నది బ్లేడు లోపల గాలి చేసే చాకిరీ.

ఇక ఆ గాలి సంగతి. బ్లేడును చల్లబరచే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? బయట నుంచి రాదు. ముందున్న కంప్రెసర్ కష్టపడి ఒత్తిన గాలిలోనే కొంత భాగాన్ని మంట దగ్గరికి పోనివ్వకుండా పక్కకు తీసి బ్లేడులోకి పంపుతారు. మొత్తం గాలిలో ఐదో వంతు వరకు ఇలా వెళ్లే యంత్రాలు ఉన్నాయి. ఒత్తితే గాలి వేడెక్కుతుందని మీకు తెలుసు, సైకిల్ పంపు కొట్టినవారందరికీ తెలుసు. అందువల్ల మనం చల్లటి గాలి అని ముద్దుగా పిలుచుకునే ఆ గాలి 600 డిగ్రీల దాకా ఉండవచ్చు. నవ్వకండి, 1600 పక్కన 600 చల్లనే! ఈ గాలి ఊరికే రాదన్న మాటను మాత్రం గుర్తుపెట్టుకోండి. దాన్ని ఒత్తడానికి టర్బైన్ పనిలో కొంత ఖర్చైంది, అది మంట దగ్గరికి వెళ్లకపోవడం వల్ల మరికొంత నష్టం. ఊదే ప్రతి కిలో గాలికీ లెక్క చెప్పాలి. నేను ఈ రోజు చెప్పేదంతా నిజానికి ఈ గాలి లెక్కే.

బ్లేడు లోపల గాలిని ఎలా వాడాలి? ఒక పద్ధతి, గొట్టంలో పారించినట్టు పారించడం. రెండో పద్ధతి, సన్నని రంధ్రం గుండా ధారగా వదిలి వేడి గోడను సూటిగా ఢీకొట్టించడం. దీన్నే జెట్ ఇంపింజ్‌మెంట్ అంటారు. మీరు వేడి చాయ్‌ను సాసరులో పోసుకుని ఊదేటప్పుడు పెదవులు సున్నాలా చుట్టి సన్నగా ఊదుతారు, నోరు బార్లా తెరిచి ఊదరు. ఎందుకు? అదే గాలిని సన్నని ధారగా చేస్తే వేడి త్వరగా పోతుందని మీ పెదవులకు తెలుసు.

కారణం చూడండి. వంటింట్లో కుళాయి కింద స్టీలు పళ్లెం పెట్టి నీళ్లు వదలండి. ధార పడినచోట నీరు పలచగా, నున్నగా, వేగంగా నలువైపులా పరుచుకుంటుంది. కొంత దూరం వెళ్లాక ఒక వలయం దగ్గర ఒక్కసారిగా లేచి మందమవుతుంది. ఆ వలయం నీటి ఉపరితలానికి సంబంధించిన విషయం, గాలిలో అది ఉండదు, దాన్ని పక్కన పెట్టండి. కాని ధార పడినచోట ఉన్న ఆ పలుచదనాన్ని చూడండి. గోడను అంటిపెట్టుకుని నెమ్మదిగా కదిలే పొరను సరిహద్దు పొర అంటాం. వేడికి అడ్డుగా నిలిచేది ఆ పొరే. గొట్టంలో పారే గాలికి ఆ పొర మందంగా పెరిగిపోతుంది. ఢీకొట్టే ధార కింద, గాలి గోడను సూటిగా తాకి ఆగే స్తబ్ధ బిందువు చుట్టూ, పొర పెరగడానికి సమయమే దొరకదు. అందుకే అక్కడ ఉష్ణ బదిలీ అంత ఎక్కువ.

ఇప్పుడు బోర్డు మీద ఒక చిన్న లెక్క వేస్తాను. రంధ్రం వ్యాసం 1 మిల్లీమీటరు. గాలి గోడ నుంచి వేడిని ఎంత బాగా పట్టుకుపోతుందో చెప్పే నస్సెల్ట్ సంఖ్య 45 అనుకుందాం, 600 డిగ్రీల గాలి ఉష్ణవాహకత సుమారు 0.061. ఉష్ణ బదిలీ గుణకం, అంటే మనం హెచ్ అనేదాని విలువ ఎంత? 45ను 0.061తో గుణించి, మీటరులో వెయ్యో వంతుతో భాగించండి. సుమారు 2750 వస్తుంది, చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీకి, వాట్లలో. మీ తలపై తిరుగుతున్న ఫ్యాను ఇచ్చేది కొన్ని పదులు మాత్రమే. రంధ్రం చిన్నదయ్యే కొద్దీ హెచ్ పెరుగుతుందన్నదీ ఇందులోనే ఉంది. మరి ఇంకా చిన్న రంధ్రాలు ఎందుకు వేయరని అడగవచ్చు. దుమ్ముతో పూడుకుపోతాయి. దుమ్ము సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ధారను ఎంత దూరం నుంచి కొట్టాలి? రంధ్రం దాటిన ధారకు నడుమ ఒక గుండె ఉంటుంది, అక్కడ వేగం తగ్గకుండా నిలుస్తుంది. చుట్టుపక్కల గాలి ఆ గుండెను అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది. వ్యాసానికి నాలుగైదు, ఆరు రెట్ల దూరంలో గుండె అయిపోతుంది. ఒంటరి ధార అయితే సుమారు ఆరు వ్యాసాల దూరం స్తబ్ధ బిందువు దగ్గర బాగా పని చేస్తుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆ ఆరును పట్టుకుని బ్లేడులోకి వెళ్లకండి. బ్లేడులో అంత చోటు లేదు, పైగా అక్కడ ధార ఒంటరిది కాదు, వరుసలు వరుసలుగా ఉంటుంది. అక్కడ ఒకటి నుంచి మూడు వ్యాసాల దూరమే వాడతారు. అంత దగ్గరగా, అంత వేగంగా కొట్టినప్పుడు ఇంకో వింత కనిపిస్తుంది. ధార మధ్యలో ఒక శిఖరం, మధ్య నుంచి సుమారు రెండు వ్యాసాల దూరంలో వలయంగా రెండో శిఖరం. ధార అంచున పుట్టిన సుడులు గోడ వెంట దొర్లుకుంటూ వచ్చి అక్కడ పొరను చెదరగొట్టడం, పొర అల్లకల్లోలమవడం దీనికి కారణాలుగా చెబుతారు.

వరుసల్లో ఉన్న ధారలకు ఒక జబ్బు ఉంది. దాన్ని మన కాలువలతో పోల్చి చెబుతాను, కాని పోలిక తిరగబడుతుంది, జాగ్రత్తగా వినండి. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతు బాధేమిటి? నీళ్లు అందకపోవడం. బ్లేడులో చివరి వరుస ధార బాధ అది కాదు. చివరి ధారకు గాలి అందుతుంది, తరచుగా ముందు వరుసల కంటే ఎక్కువే అందుతుంది, ఎందుకంటే బయటికి పోయే దారి దగ్గర పీడనం తక్కువ. దాని బాధ వేరు. ముందు వరుసల్లో కొట్టేసిన గాలి అంతా బయటికి పోవడానికి ఆ చివరి వరుస మీదుగానే పోవాలి. పై మళ్ల మురుగంతా దిగువ మడిలోకి దిగితే వరి ఏమవుతుందో మీకు తెలుసు. ఆ అడ్డగాలి చివరి ధారను పక్కకు వంచేస్తుంది, ధార గోడను సూటిగా తాకదు. ఈ అడ్డగాలి ప్రభావాన్ని 1970లో కెర్చర్, టబకాఫ్ లెక్కగట్టారు. 1981లో ఫ్లోర్‌షూట్జ్, ట్రూమన్, మెట్జ్‌గర్ మరింత వివరంగా సూత్రీకరించారు. నలభై ఏళ్లు దాటినా డిజైనర్లు ఇంకా ఆ 1981 సూత్రంతోనే లెక్క మొదలుపెడతారు. అందులో రేనాల్డ్స్ సంఖ్య, అంటే గాలి ప్రవాహం ఎంత జోరుగా ఉందో చెప్పే సంఖ్య, దాని ఘాతం సుమారు 0.7. ఆ 0.7 మనకు కాసేపట్లో పనికొస్తుంది.

గరుకు మాట

ఇంతవరకు గోడ నునుపుగా ఉందనుకున్నాం. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గోడను కావాలని గరుకు చేస్తే ఏమవుతుంది?

మీలో ఎంతమంది ఇళ్లలో ఇసుర్రాయి ఉంది? రెండు మూడు చేతులే లేచాయి, పర్వాలేదు. ఇసుర్రాయి కొన్నాళ్లు తిప్పాక నున్నబడుతుంది. నున్నబడితే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు ఊళ్లోకి వచ్చే రాళ్లు కొట్టేవాడిని పిలిచి కక్కు కొట్టించేవాళ్లం. మా అమ్మమ్మ అయితే కక్కు సరిగా కొట్టాడో లేదో అరచేయి పెట్టి చూసి గాని డబ్బులిచ్చేది కాదు. మనం బ్లేడు లోపలి గోడకు చేస్తున్నదీ అలాంటి కక్కు కొట్టడమే. చిన్న ఘనాలు, శంకువులు, సన్నని స్తంభాలు, గట్లు, గుంటలు, ఇలా రకరకాలుగా చేసి చూశారు. పోతపోసేటప్పుడే ఇవి అచ్చులో వచ్చేస్తాయి.

లాభం ఎంత? 1998లో కువైట్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. పలకపై 1 మిల్లీమీటరు ఘనాలను సమానంగా పేర్చి, ఒక్క గాలి ధారతో కొట్టి, నునుపు పలకతో పోల్చారు. నస్సెల్ట్ సంఖ్య 8.9 నుంచి 28 శాతం దాకా పెరిగింది. ఇంతేనా అనిపిస్తుందా? ఇరవై శాతం అంటే ఏమిటో బోర్డు మీద చూద్దాం.

బయట వాయువు 1600, లోపల గాలి 600. రెండు వైపులా హెచ్ సమానమని, 2750 అని అనుకుందాం. గోడ మందాన్ని, పైన వేసే సిరామిక్ పూతను, రేడియేషన్‌ను ప్రస్తుతానికి వదిలేద్దాం. లోహం వేడి ఎంత? సరిగ్గా మధ్యలో, 1100. ఇప్పుడు లోపల గరుకు చేసి హెచ్‌ను 20 శాతం పెంచాం. 1600కు, 600ను 1.2తో గుణించి కలపండి, 2320. దాన్ని 2.2తో భాగించండి. సుమారు 1055. నలభై ఐదు డిగ్రీలు తగ్గింది! ఈ వేడి దగ్గర లోహాన్ని మెల్లగా సాగదీసి చంపేది క్రీప్. లోహం వేడి సుమారు 30 డిగ్రీలు పెరిగితే బ్లేడు ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 45 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు కంటే ఎక్కువ.

ఆయుష్షు వద్దు, గాలి మిగిలితే చాలు అంటారా? అదీ చేయవచ్చు. వేడి 1100 దగ్గరే ఉండనిచ్చి, గరుకు వల్ల వచ్చిన 20 శాతాన్ని గాలి తగ్గించడానికి వాడండి. రేనాల్డ్స్ సంఖ్య ఘాతం 0.7 అని చెప్పుకున్నాం కదా. ఒకటిని 1.2తో భాగించి, వచ్చినదాన్ని 1/0.7 ఘాతానికి ఎత్తండి, 0.77 వస్తుంది. అంటే ఆ గోడకు గాలి 23 శాతం తక్కువ సరిపోతుంది. గాలి తగ్గితే అది మరింత వేడెక్కుతుందన్న సవరణ ఉంది, దాన్ని మీరు ఇంటికి వెళ్లి వేయండి.

కాని ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం వేరే ఉంది, దాన్ని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఈ గరుకు దాదాపు ఉచితం. ఎందుకు ఉచితం? గొట్టంలో పారే గాలికి మీరు గోడపై గట్లు పెడితే ఘర్షణ కొన్ని రెట్లు పెరుగుతుంది, ఉష్ణ బదిలీలో లాభమెంతో పీడనంలో నష్టం అంతకంటే ఎక్కువ. ఇంపింజ్‌మెంట్‌లో ఆ పీడనం ఎక్కడ ఖర్చైంది? రంధ్రం దగ్గర. పీడనమంతా అక్కడే వేగంగా మారింది. ఆ వేగం గోడను తాకి చెదిరిపోవలసిందే, గోడ నునుపైనా సరే, గరుకైనా సరే. సంతకు వెళ్లడానికి బస్సు చార్జీ ఎలాగూ ఇచ్చేశాక, తిరిగి వచ్చేటప్పుడు సంచిలో రెండు బత్తాయిలు ఎక్కువ వేసుకుంటే చార్జీ పెరుగుతుందా? ఇదీ అంతే. చెదిరిన గాలి బయటికి పోయే దారిలో గరుకు వల్ల కొంచెం అడ్డు పెరుగుతుంది, ఆ దారి మరీ ఇరుకైతే అది లెక్కలోకి వస్తుంది, అంతకు మించి కాదు. చల్లబరచే పద్ధతుల్లో ఇంత చవకగా దొరికే లాభం నాకు తెలిసి చాలా తక్కువ.

ఏ వైశాల్యంతో భాగించాలి?

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో నేను ఒక పలక చేయించాను. 1 మిల్లీమీటరు ఘనాలు, 3 మిల్లీమీటర్లకు ఒకటి. ధార కొట్టి చూస్తే పలక నుంచి పోయే మొత్తం వేడి 30 శాతం పెరిగింది. గాలిలో తేలిపోయాను. గరుకు వల్ల టర్బులెన్స్, అంటే గాలిలో అల్లకల్లోలం, పెరిగింది, టర్బులెన్స్ వల్ల హెచ్ 30 శాతం పెరిగింది అని కాగితం నిండా రాశాను. మా గురువుగారు చదివి ఒక్కటే అడిగారు. ఏ వైశాల్యంతో భాగించావు నాయనా?

లెక్క వేయండి. మూడు మూడులు తొమ్మిది, 9 చదరపు మిల్లీమీటర్ల గడిలో ఒక ఘనం. ఘనం పైముఖం అది కప్పేసిన నేలకు సమానం, కాబట్టి అది కొత్త వైశాల్యం కాదు. నాలుగు పక్కలు మాత్రం కొత్తవి, 4 చదరపు మిల్లీమీటర్లు. అంటే గాలి తాకే వైశాల్యం 13కు చేరింది, 44 శాతం ఎక్కువ. వైశాల్యం 44 శాతం పెరిగితే వేడి 30 శాతమే పెరిగింది. మరి తడిసిన ప్రతి చదరపు మిల్లీమీటరు మీద సగటు హెచ్ పెరిగిందా, తగ్గిందా? తగ్గింది! 1.30ని 1.44తో భాగిస్తే 0.90. పది శాతం తగ్గింది. ఘనాల మధ్య గాలి చిక్కుకుపోయి నీరసంగా తిరుగుతోంది. నేను టర్బులెన్స్‌కు కట్టబెట్టిన ఘనత అంతా నిజానికి అదనపు వైశాల్యానిది.

అలాగని గరుకు పనికిరాదని కాదు. పలకకు 30 శాతం ఎక్కువ వేడి పోయింది, ఇంజిన్‌కు కావలసింది అదే, ఇంజిన్ కారణం అడగదు. కాని మనం అడగాలి. ఎందుకంటే వైశాల్యమే కారణమైతే ఘనాలను ఇంకా పొడుగు చేయాలి, ఇంకా దగ్గరగా పెట్టాలి అనిపిస్తుంది. అప్పుడు రెండు గోతులు ఎదురవుతాయి. ఒకటి, దగ్గరగా పెట్టే కొద్దీ మధ్యలో గాలి చచ్చిపోతుంది. రెండోది లోహం. నికెల్ మిశ్రలోహం ఉష్ణవాహకత ఆ వేడిలో సుమారు 22 అనుకోండి, రాగితో పోలిస్తే ఎంతో తక్కువ. వేడిని పంపడానికి గోడ నుంచి పొడుచుకువచ్చే భాగాన్ని ఫిన్ అంటాం, దాని సామర్థ్యం సూత్రం మీరు చదివారు. హెచ్ 2750 పెట్టి 1 మిల్లీమీటరు ఎత్తున్న చదరపు స్తంభానికి వేస్తే 86 శాతం వస్తుంది, బాగుంది. అదే మందంతో ఎత్తు 3 మిల్లీమీటర్లు చేయండి. 46 శాతానికి పడిపోతుంది. వేడి అడుగు నుంచి కొసకు చేరేలోపే గాలి దాన్ని పట్టుకుపోతుంది, కొస ఊరికే నిలబడి ఉంటుంది. బరువు మాత్రం మూడింతలు. తిరిగే బ్లేడులో ప్రతి గ్రాము బరువూ వేరు దగ్గర లాగుతుంది.

ఇందులోంచి ఇంకో హెచ్చరిక పుడుతుంది, ముఖ్యంగా ప్రాజెక్టు చేయబోయే మీ అందరికీ. ప్రయోగశాలలో మనం పలకను అక్రిలిక్‌తో చేస్తాం, ఎందుకంటే అటువైపు నుంచి కెమెరాతో చూడవచ్చు. కొందరు రాగితో చేస్తారు, ఎందుకంటే వేడి సమంగా పరుచుకుంటుంది. అక్రిలిక్ ఘనంలోకి వేడి వెళ్లదు, అది ఉత్త అడ్డుగోడ. రాగి ఘనం కొసదాకా వేడిగా ఉంటుంది, అది ఆదర్శ ఫిన్. అసలు బ్లేడు ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. అక్రిలిక్‌పై కొలిచి గరుకు దండగ అన్నవాడూ, రాగిపై కొలిచి గరుకు అద్భుతం అన్నవాడూ ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరి మాటా బ్లేడుకు నేరుగా పనికిరాదు. పరిశోధనా పత్రం చదివేటప్పుడు ముందు పలక దేనితో చేశారో చూడండి, తర్వాత ఏ వైశాల్యంతో భాగించారో చూడండి, శాతాలు ఆ తర్వాతే.

కొలవడం గురించి ఎవరో ముందు వరుసలో అడిగారు, క్లుప్తంగా చెబుతాను. అక్రిలిక్ పలకపై ద్రవ స్ఫటికాల పూత పూస్తారు, వేడిని బట్టి అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లోకి మారుతుంది. ఒక్కసారిగా వేడి గాలి వదిలి, ఏ చోట ఎన్ని క్షణాలకు ఆకుపచ్చ వచ్చిందో వీడియోలో చూసి హెచ్ లెక్కిస్తారు. ఇంకో పాత పద్ధతి నాకు చాలా ఇష్టం. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలున్నాయే, ఆ నాఫ్తలీన్‌ను కరిగించి పలకగా పోతపోస్తారు. దానిపై ధార కొడితే ఎక్కడ ఉష్ణ బదిలీ ఎక్కువో అక్కడ నాఫ్తలీన్ ఎక్కువగా ఆవిరైపోయి గుంట పడుతుంది. ద్రవ్య బదిలీకి, ఉష్ణ బదిలీకి ఉన్న పోలికే ఆధారం. ఇందాక చెప్పిన రెండో శిఖరపు వలయం ఆ పలకపై గుంటగా కంటికి కనిపిస్తుంది, వేలితో తడిమి చూడవచ్చు. మీ కళాశాల వర్క్‌షాపులో ఇది చేయవచ్చు, కిటికీలు మాత్రం తెరిచి ఉంచండి.

ఇవన్నీ ఇంజిన్‌లో ఎక్కడుంటాయి? కదలని పత్రాలు, అంటే వేన్లు, బోలుగా ఉంటాయి. వాటిలోకి చిల్లుల జల్లెడ లాంటి పలుచని రేకు తొడుగును దూరుస్తారు, దాని చిల్లుల్లోంచి ధారలు గోడను కొడతాయి. తిరిగే బ్లేడులో అలాంటి తొడుగును నిలపడం కష్టం, అందుకని లోపలి అడ్డుగోడలోనే చిల్లులు పోతలో తెస్తారు, ఆ ధారలు వాయువును మొదట ఎదుర్కొనే ముందు అంచును లోపలి నుంచి కొడతాయి. తిరగడం వల్ల కొరియోలిస్ బలం ధారను పక్కకు నెడుతుంది, అది ఇంకో గంట ప్రసంగం. దహన గది గోడలకూ ఈ పద్ధతే వాడతారు. విమాన ఇంజిన్లలో టర్బైన్ కేసింగును బయటి నుంచి గొట్టాల చిల్లుల ధారలతో చల్లబరచి, అది కుంచించుకునేలా చేసి, బ్లేడు కొసకూ కేసింగుకూ మధ్య సందు తగ్గిస్తారు.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగే పని అనుకోకండి. మనకు వంద కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదు కంచన్‌బాగ్‌లో రక్షణ రంగపు లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఏకస్ఫటిక బ్లేడులు, అంటే లోహమంతా ఒకే స్ఫటికంగా పోతపోసినవి, అక్కడ తయారుచేసి, మొదటి విడతగా 60 బ్లేడులను విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు ఇచ్చినట్టు 2021లో ప్రకటించారు. అదే కంచన్‌బాగ్‌లో మిధాని ఈ మిశ్రలోహాలను కరిగిస్తుంది, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో గ్యాస్ టర్బైన్లు తయారవుతాయి. ఈ మధ్య లోహపు పొడిని లేజరుతో పొరలు పొరలుగా కరిగించి బ్లేడును ముద్రించడం కూడా వచ్చింది, 2017లో సీమెన్స్ అలాంటి బ్లేడులను నిమిషానికి 13,000 చుట్ల దగ్గర పరీక్షించింది. ముద్రించిన గోడ పుట్టుకతోనే గరుకు, పొడి రేణువులు అంటుకుని ఉంటాయి. ఆ గరుకు ధార పడే గోడపై ఉంటే మనకు చుట్టం, రంధ్రం లోపల ఉంటే శత్రువు, ఎందుకంటే అక్కడ అది రంధ్రాన్ని చిన్నది చేసి గాలిని తగ్గిస్తుంది. ఒకే యంత్రం, ఒకే పొడి, ఒకే గరుకు, రెండు చోట్ల రెండు ఫలితాలు.

ప్రశ్నలు

గాలికి బదులు ఆవిరితో చల్లబరచవచ్చు కదా అని అడిగారు. చేశారు. బ్రిటన్‌లో వేల్స్‌లోని బాగ్లన్ బేలో 2003లో జనరల్ ఎలక్ట్రిక్ వారు అలాంటి యంత్రాన్ని నడిపారు. ఆవిరికి ఉష్ణం మోసే శక్తి ఎక్కువ, కంప్రెసర్ గాలి మిగులుతుంది. కాని ఆవిరి ఒక్క చుక్క కారకుండా తిరిగే చక్రంలోకి పంపి మళ్లీ వెనక్కి తేవాలి, ఆవిరి సిద్ధం కానిదే యంత్రం వేగంగా అందుకోలేదు. తర్వాతి యంత్రాల్లో వారే మళ్లీ గాలికి వచ్చారు.

వెనుక కూర్చున్న అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది, అందరికీ వినిపించేలా మళ్లీ చెబుతాను. గాలిలో దుమ్ము వచ్చి గోడకు అంటుకుంటే గోడ దానంతట అదే గరుకవుతుంది కదా, అప్పుడు చల్లదనం పెరగాలి కదా అని. చూడటానికి గరుకే అమ్మా. ఎడారి ప్రాంతాల్లో ఎగిరే విమానాల ఇంజిన్లలో సరిగ్గా ధార పడే చోటే దుమ్ము పేరుకుంటుంది, పరీక్షల్లో అయితే ప్రతి ధార కిందా చిన్న దిబ్బ లేస్తుంది. కాని ఇందాక మనం చెక్కిన ఘనం లోహం, అది గోడలో భాగం, వేడి దానిలోంచి ప్రవహిస్తుంది. దుమ్ము వేడిని పోనివ్వదు. బోర్డు మీద చివరి లెక్క. పొర మందం పదో వంతు మిల్లీమీటరు, అంటే మన వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ. వాహకత 0.3 అనుకుందాం. అడ్డు ఎంత? 0.0001ని 0.3తో భాగిస్తే 0.00033. ధార సొంత అడ్డు ఎంత? ఒకటిని 2750తో భాగిస్తే 0.00036. దాదాపు సమానం. అంటే కంటికి సరిగా కనిపించని ఆ పొర, ధార చేసే పనిని ఇంచుమించు సగానికి కోసేసింది. లోపలి హెచ్ 2750 నుంచి సుమారు 1430కి పడింది. దాన్ని మొదటి లెక్కలో పెట్టండి. ఆ మచ్చ ఉన్నచోట లోహం వేడి 1100 నుంచి సుమారు 1258కి ఎక్కింది. గరుకు కోసం పడిన పాటంతా కలిసి తగ్గించింది 45 డిగ్రీలు, వెంట్రుకంత దుమ్ము పెంచింది 158. రేపు మన హుజూర్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల పక్కన ఎవరైనా గ్యాస్ టర్బైన్ పెడతామంటే, బ్లేడు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు, గాలి ఫిల్టరు ఇల్లు ఎంత పెద్దది కడుతున్నారో ముందు అడగండి.